ఒట్టి అన్నం ముద్ద

పిస్కాటవేలో మా పక్కింటి ఆంటీ ఫార్మా ల్యాబ్‌లో పనిచేసి రిటైరయింది. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరైనా "కార్బ్స్ మానేశాం ఆంటీ" అన్నారో, ఆవిడకి ఒళ్ళు మండేది. కూరా నెయ్యీ లేని ఒట్టి అన్నం ముద్ద వాళ్ళ చేతిలో పెట్టేది.

"మింగకు. నములుతూ ఉండు."

పట్టుచీరల్లో, కుర్తాల్లో అంతా నిలబడి బుద్ధిగా నమలడం చూసి తీరాలి! నన్నూ వదల్లేదు. కాసేపటికి నా నోరు తియ్యగా అయింది.

"చూశావా? అన్నంలో పిండి అంటే చక్కెరల గొలుసు. దాన్ని తెంపడం నోట్లో ఉమ్మితోనే మొదలవుతుంది. ఆ చక్కెరతోనే నీ బుర్ర నడిచేది. దాని మీద అంత కోపం దేనికీ?"

పోయినేడు ఆవిడ గొంతుకి రేడియేషన్ ఇచ్చారు. ఉమ్మి ఊరడం దాదాపు ఆగిపోయింది. ఇక జావే తిండి. చూడ్డానికి వెళ్తే, గిన్నెలో ఒట్టి అన్నం తెచ్చి నా ముందు పెట్టింది.

"నాకెంత నమిలినా చప్పగానే ఉంటోందే అమ్మాయ్. నువ్వు తిని చెప్పు."

నమిలాను. ఆవిడ నా దవడల వంకే చూస్తూ కూర్చుంది.

"వచ్చిందా తీపి?"

వచ్చిందని తలూపాను.

ఆవిడ కళ్ళు మూసుకుంది. "అప్పుడే మింగకు," అంది.