నైనై పిలిచిన పేరు

దయ్యాలు, గాలి సోకడం లాంటి మాటలు ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే రకం నేను. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుగా పనిచేస్తాను. ఏదైనా పాడైందంటే కారణం దొరికేదాకా వదలను. దొరికాక కూడా వదలవు అంటాడు మా ఆయన కిరణ్. కాబట్టి నన్ను పిచ్చిదాని కింద జమకట్టే ముందు, జరిగింది జరిగినట్టే రాస్తున్నానని మాత్రం నమ్మండి.

అప్పుడు మేము మిషిగన్‌లో, నోవైలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. 2009 శీతాకాలం. పాపకి ఐదేళ్లు. ఒక ఆదివారం కిరణ్ దాన్ని ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్న పార్కుకి తీసుకెళ్లాడు. అక్కడి చెరువు గడ్డకట్టి ఉంది. ఒడ్డు దగ్గర మంచు పలచగా ఉందని తెలియక పాప అడుగు వేసింది. నడుము దాకా నీళ్లలోకి దిగిపోయింది. కిరణ్ రెండంగల్లో వెళ్లి బయటికి లాగేశాడు. అర నిమిషం కూడా పట్టలేదట.

ఎమర్జెన్సీలో చూసి ఏమీ కాలేదన్నారు. నిజమే, జ్వరం కూడా రాలేదు. కానీ ఆ రోజు నుంచి పాప మాట్లాడటం మానేసింది. ఏడవదు, నవ్వదు, అడగదు. అన్నం నోట్లో పెడితే అలాగే బుగ్గన ఉంచుకునేది. పిలిస్తే తల తిప్పేది కాదు. భయం వల్లే, టైమ్ ఇవ్వండి అన్నారు పిల్లల డాక్టరు. పిల్లల సైకాలజిస్టు అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత దొరికింది. వారం తిరిగేసరికి పాప ప్యాంటు నడుము దగ్గర వదులైంది. అది చూసి బాత్‌రూమ్‌లో తలుపు వేసుకుని ఏడ్చాను.

గుంటూరు నుంచి మా అమ్మ ఫోన్‌లో, "ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వెయ్యవే, నీ సైన్సు ఎక్కడికీ పోదులే" అంది. నిప్పులెక్కడివి, స్టవ్ మీద పెనంలో వేశాను. స్మోక్ అలారం మోగి బిల్డింగంతా చలిలో బయట నిలబడింది. ఆ గోలలో కూడా పాప ఉలకలేదు, పలకలేదు.

అప్పుడే మా పక్క ఫ్లాట్ లిన్ వాళ్ల అత్తగారు పాపని చూశారు. లిన్ ఒక లాబ్‌లో కెమిస్టు. మనవణ్ణి చూసుకోవడానికి ఆవిడ చైనాలో ఏదో చిన్న ఊరి నుంచి వచ్చారు. నాన్నమ్మని వాళ్లు నైనై అంటారు. బిల్డింగ్‌లో పిల్లలూ పెద్దలూ అందరికీ ఆవిడ నైనైయే. డెబ్బై దాటిన మనిషి. ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. పెరుగు డబ్బాల్లో ఉల్లికాడలు పెంచి ఇంటింటికీ పంచేది. వాళ్ల కొత్త సంవత్సరం రోజున, పోయిన భర్త ఫొటో ముందు వేడి అన్నం గిన్నె పెట్టాక గానీ ఎవర్నీ భోజనం ముట్టుకోనిచ్చేది కాదని లిన్ చెప్పింది. మన తద్దినాల్లాగే ఉందే అనుకున్నాను.

ఆ రోజు నైనై చలిలో పాప గడ్డం పైకెత్తి, కళ్లలోకి చాలాసేపు చూసి, లిన్‌తో ఏదో అంది. లిన్ సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఇబ్బంది పడుతూ ఇంగ్లీషులో చెప్పింది. "మా అత్తగారు ఒక మాట చెప్పమంటున్నారు. నవ్వకు. మీ పాప ప్రాణం కొంత ఆ నీళ్ల దగ్గరే ఆగిపోయిందట. వెళ్లి పిలుచుకు రావాలట."

వాళ్ల ఊళ్లో పిల్లలు జడుసుకుంటే అలాగే చేస్తారట. ఇంటి పెద్దావిడ పిల్ల తొడుక్కునే బట్ట ఒకటి తీసుకుని జడుసుకున్న చోటికి వెళ్లి, పేరు పెట్టి ఇంటికి రమ్మని పిలుస్తుంది. వచ్చేటప్పుడు ఎవరితోనూ మాట్లాడదు, వెనక్కి తిరిగి చూడదు. గుమ్మం ముందు నిలబడి "వచ్చిందా?" అని అడుగుతుంది. లోపల తల్లి "వచ్చేసింది" అనాలి. చైనీస్‌లో అనాలా అని అడిగాను. "పిల్ల మీది కదా, మీ భాషలోనే" అన్నదట నైనై.

నేను వద్దనేదాన్నే. "పాపకి మందు మింగించట్లేదు కదా, పోయేదేముంది?" అన్నాడు కిరణ్. చెరువు దగ్గర పాప చెయ్యి వదిలింది తనేనని ఆ వారమంతా అతను కుమిలిపోతున్నాడు. సరేనన్నాను.

మర్నాడు కిరణ్ పాప పేరు కాగితం మీద రాసిచ్చాడు. వీసా ఫారాలు నింపి నింపి మా చేతులకి అలా రాయడమే అలవాటైపోయింది. పాప పూర్తి పేరు లక్ష్మీ శ్రీనిధి. ఫారంలో మొదటి మాటే పేరు కాబట్టి స్కూల్లో అది లక్ష్మి. కిరణ్ కూడా అదే రాశాడు. నైనై పాప ఎర్ర స్వెటర్ చంకన పెట్టుకుని, కిరణ్‌తో కార్లో వెళ్లింది. గంట తర్వాత వచ్చింది కానీ గుమ్మం దగ్గర ఏమీ అడగలేదు. స్వెటర్ నా చేతికిచ్చి లిన్‌తో మెల్లగా మాట్లాడింది.

"ఎవరూ రాలేదంటున్నారు. ఇంట్లో మీరు ఏమని పిలుస్తారు అని అడుగుతున్నారు" అంది లిన్.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో అది చిన్ను. స్కూల్లో చేరిన కొత్తలో లక్ష్మీ అంటే పలక్కపోతే, దానికి సరిగా వినపడుతోందో లేదో డాక్టరుకి చూపించమని టీచరు మాకు చీటీ పంపింది. అయినా మాకు తట్టలేదు.

నైనై మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, అన్నానికి ఎలా పిలుస్తానో అలా పిలిచి చూపించమంది. "చిన్నూ, రామ్మా" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఆ రెండు మాటలూ నా రాగంలోనే వచ్చేదాకా ఇరవై సార్లైనా అని ఉంటుంది. ఎవరి బిడ్డ కోసమో ఆ వయసులో అంత ఓపిక! మా అమ్మ తర్వాత నేను మనసులో దండం పెట్టుకున్న మనిషి ఆవిడే.

మర్నాడు ఇద్దరూ అదే స్వెటర్ తీసుకుని మళ్లీ వెళ్లారు. నేను పాపని ఆనుకుని సోఫాలో కూర్చున్నాను. టీవీ ఆపేసి ఉంది. చలికి కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. సాయంత్రం నాలుగూ పన్నెండు. మైక్రోవేవ్ గడియారం నాకెదురుగా ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

పాప తల తిప్పింది. ఎవరో పిలిచిన వైపు చూసినట్టు గోడ వైపు చూసి, "వస్తున్నా" అంది.

పది రోజుల తర్వాత దాని గొంతు వినడం అదే. నేను కదల్లేదు. కాసేపాగి మళ్లీ, కొంచెం విసుగ్గా, "వస్తున్నానూ" అంది. వెంటనే "అయ్యో" అని నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నైనై పడిపోయింది. మోకాలికి దెబ్బ తగిలింది."

తర్వాత ఆకలేస్తోందంది. పెరుగన్నం కలిపి పెట్టాను. రెండుసార్లు పెట్టించుకుంది.

కాసేపటికి కారు వచ్చింది. తలుపు తీశాను. నైనై ప్యాంటు కుడి మోకాలి దగ్గర తడిసి, మట్టి అంటి ఉంది. వెనకాల కిరణ్ ముఖం పాలిపోయి ఉంది. ఒడ్డున పిలుస్తూ జారి పడిందని, లేచి మళ్లీ పిలిచిందని అతను తర్వాత చెప్పాడు. కారెక్కేసరికి నాలుగుంపావు దాటిందట. దారిలో మాట్లాడకూడదు కాబట్టి నాకు ఫోన్ చెయ్యలేదు. అయినా ఊరుకోలేక మా ఇద్దరి ఫోన్లూ తీసి చూశాను. ఒక్క కాల్ లేదు.

నైనై అడగాల్సింది అడిగింది. నేను జవాబు చెప్పాలి. నోరు తెరిచేలోపే నా వెనక నుంచి పాప పరిగెత్తుకొచ్చి, "వచ్చేశాను" అంది. ఆ మాట దానికెవరూ నేర్పలేదు. నైనై వంగి స్వెటర్ దాని భుజాల మీద కప్పింది.

సైకాలజిస్టు అపాయింట్‌మెంట్ రద్దు చెయ్యలేదు, వెళ్లాం. పిల్లలు ఉన్నట్టుండి కోలుకుంటారని ఆయన అన్నారు. కావచ్చు, పాప తిరిగి మాట్లాడటానికి ఆ కారణం సరిపోతుంది. దెబ్బ తగిలిన మోకాలికి సరిపోదు. పాపకేమో ఇవేవీ గుర్తులేవు.

నైనై చైనాకి తిరిగి వెళ్లేముందు లిన్ చేత అడిగించాను, ఇదెలా జరిగిందని. అడిగినందుకు ఆవిడే ఆశ్చర్యపోయింది. "అంత గట్టిగా పిలిచాను, వినపడదా మరి?" అంది.

ఇన్నేళ్లుగా నాకు కొరుకుడు పడనిది ఆ వినపడటమే. ఆ సాయంత్రం పాప తల నా భుజాన్ని ఆనుకునే ఉంది. నాకేమీ వినపడలేదు.