ఆనపపాదుకు ఉప్పునీళ్ళు

చదువు నన్ను ఏడో తరగతిలో వదిలేసింది. తెలివి అంతకు రెండేళ్ళ ముందే వదిలేసిందని, నిన్న పక్కింటి రేకుల మీద తెల్లటి ఆనపపూలు చూస్తే గుర్తొచ్చింది.

బరంపురంలో మా వంటింటికీ రేకుల కప్పే. అమ్మ దాని మీదికి ఆనపతీగ పాకించింది. ఆకుల కింద రేకు కాలేది కాదు. నడివేసవిలోనూ మధ్యాహ్నం అమ్మ వంటింట్లోనే చాప వేసుకునేది. పంకా కావాలని నేను ఏడిస్తే, "ఇంత సల్లగుంటే పంకా ఎందుకురా?" అనేవాడు నాన్న.

పాదు చస్తే పంకా వస్తుందనుకున్నాను. మా కిరాణా కొట్లోని ఉప్పు తెచ్చి, నీళ్ళలో కలిపి, వారం రోజులు పాదు మొదట్లో పోశాను. తీగ ఎండింది. ఉక్క భరించలేక ఈసారి అమ్మే అడిగింది. నాన్న పంకా తెచ్చాడు. తెచ్చి, గిరాకీల కోసమని కొట్లో బిగించాడు. ఆ వేసవంతా అమ్మ మెడ నిండా చెమటకాయలతో వండింది. నేను కొట్లో పంకా కింద కూర్చున్నాను.

నిన్న అన్నం తింటూ చెప్పేశాను.

"ఆ పాదుని నేనే సంపేనమ్మా."

"తెల్సు. మొదట్లో ఉప్పు తెల్లగా పేరుకుపోనాది."

"మరి నాన్నకెందుకు సెప్పనేదు?"

"సెప్తే నిన్ను ఎండలో నిలబెట్టీసేవోడు. ఇంట్లో ఒకరు మాడితే సాలదేటి?"