తెల్లబడ్డ గుడ్డు

నార్సింగి దోస్తులారా, పొద్దుగూకంగనే కోళ్లను గంప కింద కమ్మేది మర్చిపోయిన్రా? పొద్దున గంప లేపితే వచ్చే ఆ వరిగడ్డి వాసన, చేతిల గోరువెచ్చటి గుడ్డు?

మొన్న మా ఆఫీసు క్యాంటీన్‌ల గుడ్ల ట్రేలు దించుతున్నరు. కొన్ని ముదురు ఎరుపు, కొన్ని పాలిపోయి ఉన్నయి. ఎందుకిట్ల అని తెచ్చినాయనను అడిగిన.

"రంగు కోడి జాతిని బట్టి వస్తది సార్. కోడి ముసల్దైతే ఎర్ర గుడ్డు గూడ తెల్లబడ్తది" అన్నడు.

నాకు చిన్నప్పటి గుడ్డు ఒకటి యాదికొచ్చింది.

మా నాయనమ్మ కోడి ఎప్పుడూ ఎర్ర గుడ్డే పెట్టేది. పక్కింటి యాదమ్మత్త కోళ్లవి తెల్లయి. ఒకనాడు మా గంప కింద తెల్లటి గుడ్డు కనవడ్డది.

"యాదమ్మత్త మార్చింది" అని నాయనమ్మకు చెప్పిన.

"నువ్వు చూసినవా?"

"చూసిన."

నేను చూడలే. నాయనమ్మ వాడంతా వినేటట్టు తిట్టింది. వారంల యాదమ్మత్త తన కోళ్లన్నిటిని చుట్టాలకిచ్చేసింది. నాయనమ్మ చచ్చిపోయేదాకా ఆమెతోని మాట్లాడలే.

ఆదివారం బాచుపల్లిల యాదమ్మత్త బిడ్డ ఇంటికి పోయి, అత్త ముందట కూసొని అంతా ఒప్పుకున్న.

"మీ కోడి ముసల్దైందని నాకప్పుడే తెల్సు బిడ్డా" అన్నది.

"మరి అప్పుడెందుకు చెప్పలే అత్తా?"

"చెప్పిన. మీ నాయనమ్మ నిన్ను పిలిచి, నా ముందటనే మళ్ల అడిగింది. నువ్వు నా మొకం చూసుకుంటనే చూసిన అన్నవ్."

ఆ రెండోసారి సంగతి నాకు యాదికే లేదు.