సిమెంటు మోసేవాడి తమిళం

ఆదివారం పొద్దున తమిళనాడు గుడియాత్తంలోని మా వీధిలో ఏ ఇంట చూసినా ఆ సీరియలే. ముసుగు వీరుడొకడు గాల్లో ఎగిరొచ్చి ఊరిని కాపాడతాడు. కులం అడగడు, మతం అడగడు. చర్చి నర్సునీ కాపాడాడు, మసీదు పక్క టైలర్నీ కాపాడాడు. మా తెలుగువాళ్ళమూ అందులో ఉన్నాం, విలన్ దగ్గర సిమెంటు మూటలు మోసేవాడిగా. వాడు నోరు తెరిస్తే చాలు, తెలుగు కలిసిన ఆ తమిళానికి జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. రాష్ట్రాలు విడదీసిన నాడు చిత్తూరు అటు పోయింది, మా తాత ఇటు ఉండిపోయాడు. మూడు తరాలైనా టీవీవాళ్ళకి మేము నిన్న బస్సు దిగినవాళ్ళమే.

నాకు ఒళ్ళు మండేది. తాపీ మేస్త్రీ అయిన మా నాయన అచ్చం అలాగే మాట్లాడతాడు మరి. ఆయనేమో కుర్చీ ముందుకు లాక్కుని, "మన మాట టీవీలో వస్తా ఉండాది సూడమ్మా" అని మురిసిపోయేవాడు. నేను కూర్చోలేక వాకిట్లోకీ లోపలికీ తిరిగేదాన్ని.

రోజూ బస్సులో వెళ్ళే నా వేలూరు బడిలో, సోమవారం వస్తే ఆ సిమెంటు మోసేవాణ్ణి అనుకరించడం ఒక ఆట. అందరికంటే నేనే బాగా చేసేదాన్ని. మా ఇంట్లో తమిళమే అని అందరికీ చెప్పుకున్నాను.

అంతలో మా తరగతి బయటి గోడ పూత పని నాయనకే వచ్చింది.  పని మొదలయ్యే ముందురోజు సాయంత్రం ఆయన తాపీ కడుగుతుంటే దగ్గరికెళ్ళి చెప్పేశాను.

"నాయనా, బడిలో నన్ను పలకరించొద్దు. అసలు నోరే తెరవొద్దు."

ఎందుకని అడగలేదు. సరేనన్నాడు.

మూడు రోజులు కిటికీ అవతల, గోడకి ఆనించి కట్టిన కర్రల సారం మీద ఆయన, ఇవతల నేను. మామూలుగా "మాలు తే" అని ఆయన వేసే కేక వీధి చివరకి వినిపిస్తుంది. ఇక్కడ సిమెంటు మాలు కావాలంటే తాపీతో తట్ట మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. కింద సిమెంటు కలిపి అందించే ఆమెకు అది అర్థం కావడానికి ఒక పూట పట్టింది. ప్రతి దెబ్బకీ నేను ఉలిక్కిపడేదాన్ని. పాఠం ఒక్క ముక్క ఎక్కలేదు.

మూడో రోజు మేస్త్రీకి మంచినీళ్ళు ఇచ్చి రమ్మని టీచరు నన్నే పంపింది. పిల్లలంతా కిటికీలోంచి చూస్తున్నారు. ఆయన కిందికి దిగి, గటగటా తాగి, చెంబు తిరిగి ఇస్తూ, "మిక్క నండ్రి అమ్మా" అన్నాడు. పరాయి పిల్లకి ధన్యవాదాలు చెప్పినట్టు, వార్తలు చదివేవాళ్ళంత శుభ్రమైన తమిళంలో. ఎవరూ నవ్వలేదు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా నా పక్కన కూర్చున్నాడు.

"తప్పు లేకుండా వచ్చినాదా పాపా? నువ్వు దగ్గిరికొస్తే నీతో ఒక్క మాటన్నా అనాల గదా అని, మూడు దినాలుగా సారం మీద అదే నేర్చుకుంటా ఉన్నాను."

బాగా వచ్చిందని చెప్పాను. అదీ తమిళంలోనే చెప్పాను.