శౌరయ్య డాబా మీది చామంతులు

శౌరయ్యకు మొక్కలంటే పడదని పటమటలో ఆ వీధి వీధంతా తెలుసు. అలాంటి మనిషి అరవై మూడేళ్లొచ్చాక డాబా మీద ఇనప గొట్టాలు బిగించి, ప్లాస్టిక్ షీటు కప్పి గ్రీన్‌హౌస్ కడుతుంటే జనం నవ్వరా మరి? నవ్వారు. "ఏంటండీ శౌరయ్య గారూ, కోళ్లఫారం పెడతన్నారా?" అని ఎదురింటాయన గేటు దగ్గర్నుంచి అరిచాడు. శౌరయ్య ఇంకో బోల్టు బిగించాడు. ముప్పై రెండేళ్లు లైన్‌మన్‌గా కరెంటు స్తంభాలెక్కిన మనిషి. కింద నుంచి ఎవరేం అరిచినా పని ఆపకపోవడం ఆయనకు అలవాటే.

సంగతేమిటంటే, ఆయన భార్య అమలమ్మ ఫిబ్రవరిలో పోయింది. పామర్రు అవతల ఆవిడ పుట్టిన ఊళ్లో, అమ్మానాన్నల పక్కనే సమాధి చేశారు. నవంబరు రెండున సమాధుల పండుగ. ఆ రోజు ప్రతి ఇంటివాళ్లూ తమవాళ్ల సమాధికి సున్నం కొట్టి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, ఫాదర్ గారి కోసం ఎదురుచూస్తారు. అమలమ్మ పోయే ముందు అడిగింది ఆ పూల గురించే. "నామీద కొన్న పూలు వద్దండీ. మనింట్లో పూసినయ్యి తెస్తారా?" అంది. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బాగుండేది, ఈయన కూడా ఏదో ఒకటి అని తేలికపడేవాడు.

ఎందుకడిగిందో ఆయనకు బాగా తెలుసు. ఎనిమిదేళ్ల కిందట ఇదే డాబా మీద ఆవిడ పదకొండు కుండీల్లో చామంతులు వేసింది. పండక్కి అమ్మానాన్నల సమాధుల మీద సొంత పూలు పరచాలని ఆవిడ ఆశ. సరిగ్గా మొగ్గలేసే వేళకు హాల్లో స్లాబుకు నెమ్ము దిగింది. "నీ మొక్కల పిచ్చితో కొంప కూల్చేట్టున్నావే!" అని శౌరయ్య ఇంతెత్తున లేచాడు. ఆదివారం ఆవిడ చర్చిలో పూజకు వెళ్లొచ్చేలోగా పదకొండు కుండీలూ దించి చెత్తబండికి ఎక్కించేశాడు. అమలమ్మ వచ్చి, ఖాళీ డాబా చూసి, కిందికి దిగి అన్నం వండింది. నెల తిరక్కుండానే తేలిందేమిటంటే, ఆ నెమ్ము నీళ్లట్యాంకు గొట్టం కారడం వల్ల వచ్చింది. అది తెలిశాకైనా ఆ పెద్దమనిషి నోరు విప్పి "పొరపాటైంది" అన్నాడా? అనలేదు. మొగుడినన్న గీర అడ్డొచ్చింది.

అందుకే జులైలో కంకిపాడు దగ్గర వెంకటప్పయ్య నర్సరీకి వెళ్లి ముప్పై చామంతి నారు మొక్కలు తెచ్చాడు. ఆగస్టు వానలకు అవన్నీ మొదళ్లు కుళ్లిపోయాయి. పైన కప్పుంటే తప్ప లాభం లేదనుకుని, ఫోన్లో వీడియోలు చూసి గ్రీన్‌హౌస్ మొదలుపెట్టాడు. ఆ వీడియోలు తీసినవాళ్లది చలి దేశం. వాళ్లు నాలుగు వైపులా గాలి దూరకుండా ప్లాస్టిక్ కప్పుకుంటే ఈయనా కప్పి, కొత్తగా తెచ్చిన నారు లోపల పెట్టాడు. ఒక్క పూట ఎండకాసింది. మధ్యాహ్నం తలుపు తీస్తే లోపల నుంచి ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఆవిరి కొట్టింది. మొక్కలు ఉడికిపోయాయి.

కూతురు హెలెన్ బెంజ్ సర్కిల్ దగ్గర కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. సాయంత్రం వచ్చి ఆ మొక్కల్నీ, పక్కన కూలబడ్డ తండ్రినీ చూసింది.

"వదిలెయ్ నాన్నా. అమ్మకి తెలుసులే నువ్వు చేద్దామనుకున్నావని."

"అనుకుంటే పూస్తాయా ఏంటే?" అన్నాడాయన.

మళ్లీ నర్సరీకి వెళ్లాడు. ఈసారి పైన మాత్రమే ప్లాస్టిక్ ఉంచి, పక్కలకు పచ్చ నెట్ కట్టాడు. ఈసారి మొక్కలు నిలదొక్కుకున్నాయి. తీరా నాలుగాకులు వేశాక ఎలుకలు పడి కుండీలు తవ్వడం మొదలెట్టాయి. వెలుగుంటే ఎలుకలు రావని, లోపల ఒక ట్యూబ్‌లైటు బిగించాడు. కరెంటు పని ఆయనకెవరూ నేర్పనక్కర్లేదుగా! సాయంత్రం వేస్తే తెల్లారేదాకా వెలిగేది. ఎలుకలు నిజంగానే రాలేదు. మొక్కలు మోకాలెత్తు పెరిగి ముదురాకుపచ్చగా నవనవలాడాయి. ఆ నెల రోజులూ శౌరయ్య కడుపునిండా అన్నం తిన్నాడు.

అక్టోబరు పది దాటింది. "మొగ్గలేవి నాన్నా?" అంది హెలెన్.

"వస్తయ్యే, అంత ఆత్రమేంటి?" అని కసిరాడు గానీ, మర్నాడు పొద్దున్నే ఫోన్లో ఫొటోలు తీసుకుని కంకిపాడు వెళ్లాడు.

వెంకటప్పయ్య ఫొటోలు అటూ ఇటూ జరిపి చూశాడు. "మొక్క బెమ్మాండంగా ఉందండీ. రాత్రిళ్లు లైటేమన్నా ఏత్తన్నారా?"

"ఏస్తన్నా. ఎలకలకి."

వెంకటప్పయ్య నాలుక్కరుచుకున్నాడు. "ఎంత పని చేశారండీ! చామంతికి రాత్రంటే రాత్రే ఉండాల. చీకటి చూత్తేనే మొగ్గేసుద్దది. పూత వెనక్కి నెట్టాలనుకున్నప్పుడు మేమూ తోటల్లో లైట్లేత్తాం. మీరు చేతులారా ఆపేసుకున్నారు."

"ఇయ్యాల తీసేస్తే?"

"డిసెంబర్లో పూత్తయ్యండీ. శుభ్రంగా కిస్మస్‌కి వాడుకోవచ్చు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? తెలిసీ పట్టుకున్నాడు. ఇంటికి రాగానే ట్యూబ్‌లైటు పీకేశాడు. చీకటి చాలదేమోనని సాయంత్రం ఐదింటికే అమలమ్మ పాత దుప్పట్లు తెచ్చి గ్రీన్‌హౌస్ చుట్టూ కప్పేవాడు. పొద్దున్నే తీసి, ప్రతి కొమ్మ చివరా వేళ్లతో తడిమేవాడు. నెలాఖరుకు కొసల్లో ఏవో తగిలాయి. మిరియం గింజంతేసి, గట్టిగా, పచ్చిపచ్చిగా.

"డిసెంబర్లోనే తీసుకెళ్దాం నాన్నా, ఇద్దరమే వెళ్దాం" అంది హెలెన్.

"మీ అమ్మ పండక్కి అడిగిందమ్మా" అన్నాడు శౌరయ్య. ఇంకేం చెప్పినా వినలేదు.

రెండో తారీఖున బాగా ఉన్న కుండీలు తొమ్మిది ఏరి ఆటోలో పెట్టించాడు. ఉయ్యూరులో హెలెన్ ఆటో ఆపించి పూలు కొనబోతే, "కొన్నావంటే నేనిటునించి ఇటే ఇంటికి వెళ్లిపోతా" అన్నాడు. ఆ పిల్ల మళ్లీ ఎక్కి కూర్చుని కళ్లు తుడుచుకుంది.

శ్మశానం పూలతో నిండిపోయి ఉంది. బంతులు, గులాబీలు, ఎటుచూసినా పసుపుపచ్చ చామంతులు. అమలమ్మ సమాధి చుట్టూ శౌరయ్య కుండీలు సర్దాడు. ఒట్టి ఆకులు. సమాధి మీద రెండు కొవ్వొత్తులు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఫాదర్ గారు ఒక్కో సమాధి మీదా దీవించిన నీళ్లు చల్లుకుంటూ అక్కడికొచ్చారు. కుర్రవాడాయన, మంచీచెడ్డా తెలియదు. "మొక్కలు పెట్టారే, బావుందండీ. పూలేవీ?" అన్నారు.

"ఆవిడ పెంచుకుంటానంటే నేను పెంచనివ్వలేదండీ" అన్నాడు శౌరయ్య. గొంతు పెద్దదే, చుట్టుపక్కల నలుగురికీ వినపడింది. "ఇప్పుడు నేను పెంచితే పూయలేదండీ."

ఫాదర్ గారు ఆకుల మీద నీళ్లు చల్లి, ప్రార్థన చెప్పి, ఆయన భుజం తట్టి పక్కకు జరిగారు.

పక్క సమాధి సంపూర్ణమ్మ మొగుడిది. ఆవిడ అమలమ్మకు చిన్ననాటి స్నేహితురాలు. శౌరయ్య మాట ఆ ముసలావిడ చెవిన పడింది. తన బుట్టలోంచి రెండు దోసిళ్ల చామంతులు తీసుకుని గబగబా వచ్చింది.

"అయ్యో, మా అమలకి పూలే లేవంటే నేను చూస్తా ఊరుకుంటానా అన్నయ్య గారూ! పొద్దున్నే బెజవాడ మార్కెట్ నించి తెప్పించా, తాజావి" అంటూ సమాధి మీద తలవైపు నుంచి కాళ్లదాకా ప్రేమగా పోసింది.

హెలెన్ తండ్రి చెయ్యి పట్టుకుంది. వద్దన్న మాట శౌరయ్య గొంతుదాకా వచ్చింది. ఆ ముసలావిడ ఏడుస్తోంది, రాలిన పూలు కూడా ఏరి మళ్లీ పైన పెడుతోంది.

"మంచిదమ్మా" అన్నాడు శౌరయ్య.