మైకులో ప్రార్థన

పిల్లలూ, మీరెవరూ చూడలేదు గానీ, పెద్దాపురంలో మా చర్చికి ఒక నర్సమ్మ వచ్చేది. ఆసుపత్రిలో ఎవరు ఏడ్చినా చెయ్యి పట్టుకుని, "దేవుడికి తప్ప ఎవరికీ చెప్పనండి," అనేది. ఆ మాటకు ఎవరైనా మనసు విప్పేసేవారు.

మా పక్కింటి టైలరమ్మ కూడా, తనకు టీబీ అని తెలిసిన రోజు ఆ చెయ్యే పట్టుకుని ఏడ్చింది. జాకెట్లు కుట్టి ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తున్న మనిషి. "ఊళ్లో తెలిస్తే నా దగ్గర ఎవరు కుట్టించుకుంటారండీ?" అంది.

ఆదివారం ఆరాధనలో నర్సమ్మ మైకు అందుకుంది. టైలరమ్మ పేరు చెప్పి, "మన సహోదరికి టీబీ అండి, అందరం ప్రార్థన చేద్దాం," అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. వీధంతా వినిపించింది. సాయంత్రానికల్లా ఆడవాళ్లు కత్తెర పడని గుడ్డల్ని వెనక్కి పట్టుకెళ్లిపోయారు.

"ఎందుకు చెప్పావమ్మా?" అని అడిగాను.

"దేవుడికే కదండీ చెప్పాను!" అంది, నిజంగానే అర్థంకాక.

మందులు వాడాక టైలరమ్మకు జబ్బు పూర్తిగా నయమైంది. నర్సమ్మ మళ్లీ లేచి, మళ్లీ పేరు చెప్పి, టీబీని దేవుడే నయం చేశాడని మైకులో సాక్ష్యమిచ్చింది. అందరం హల్లెలూయా అన్నాం. ఆ ఇంటికి మాత్రం ఒక్క జాకెట్టు గుడ్డా తిరిగి రాలేదు.