సున్నం కింద పోయిన ఫెర్న్‌లు

పోయినవి ముందు చెబుతాను. పక్షిగూడులా ఆకులు విచ్చుకునే ఫెర్న్‌లు పద్నాలుగు. చెట్ల బెరడుకు అంటుకుని పాకేవి పదకొండు. పలచని లేత ఆకులవి తొమ్మిది. మొత్తం ముప్పై నాలుగు. నాటినవి నలభై. మిగిలిన ఆరూ ఒకే రకం, పాత సున్నపు గోడల పగుళ్ళలో వాటంతట అవే మొలిచేవి.

నేను ఆరో తరగతి దాటలేదు. చాతం కోతమిల్లులో దుంగలు కొలిచేవాళ్ళ పక్కన నిలబడి లెక్కలు నేర్చుకున్నాను. నా భార్య సమాధి పెద్ద చెట్ల కింద ఉంది. అక్కడ మూడుసార్లు పూలమొక్కలు పెట్టాను, మూడుసార్లూ కుళ్ళిపోయాయి. మేముండే బతు బస్తీలో మా వెనకింట్లో రిటైరైన టీచరమ్మ ఒంటరిగా ఉండేది. పెరడంతా ఫెర్న్‌లే. ఆమెను అడిగాను.

“ఆ నీడలో ఫూల్ ఏటి పూస్తాది తమ్ముడూ? బేకార్. ఫెర్న్ పెట్టు. నల్లరాళ్ళు పేర్చి, సందుల్లో బొగ్గూ కొబ్బరిపీచూ కూరు. ఎండ అడగదు, వానకి కుళ్ళదు.”

“ఎంత ఇమ్మంటావక్కా?”

“పైసా నాకెందుకు, పైకి మోసుకుపోడానికా? మొక్కకి మొక్కే. నాను పోయాక నా సమాధి మీద పన్నెండు పెట్టాలి. పక్షిగూడువే. నాకు ఇంకెవులున్నారు? లెక్కల మనిషివి గదా, మరిసిపోకు.”

మాట ఇచ్చాను. నలభై మొక్కలు ఎత్తుకొచ్చి, ఆమె చెప్పినట్టే నాటాను. వానాకాలమంతా ఒక్క ఆకు వాడలేదు.

సమాధుల పండుగకు ముందు మావాళ్ళంతా సమాధులకు సున్నం వేస్తారు. వేయని సమాధి దిక్కులేనిదని లెక్క. నేనూ వేశాను. ఆ నీడలో నల్లరాళ్ళు కనబడటం లేదని వాటికి కూడా రెండు పూతలు వేశాను. పండుగ రోజు అందరూ మెచ్చుకున్నారు. మర్నాటి నుంచి నాలుగు రోజులు వాన. సున్నపు నీళ్ళు రాళ్ళ మీంచి నేరుగా వేళ్ళలోకి దిగాయి. పంతొమ్మిదో రోజుకు ముప్పై నాలుగు మొక్కలు గోధుమరంగుకు తిరిగి పడిపోయాయి. ముందే ఒక్క మాట అడిగి ఉంటే ఆమె చెప్పేది. అప్పటికి ఆమె మంచం పట్టింది. సున్నం వేయడానికి ఎవరినైనా అడగాలని నాకు తోచనే లేదు.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను చూడడానికి వెళ్ళేవాణ్ణి.

“ఎన్నున్నాయి తమ్ముడూ?”

“నలభై అక్కా.”

“ఒక్కటీ పోలేదా! నా సేతిలోనే నలభైకి నాలుగు పోతాయి. శాబాష్.” నవ్వబోతే దగ్గు వచ్చేది.

ఐదు ఆదివారాలు నలభై అనే చెప్పాను. కావాలని తప్పు లెక్క చెప్పడం నాకు అదే మొదటిసారి. తన పెరట్లోంచి ఇంకో పన్నెండు తీసుకోమని ఆమె అనేదే, నిజం చెప్పి ఉంటే. ఆరో ఆదివారం అడగడానికి ఆమె లేదు.

ఆమె అద్దెకున్న ఇంటి యజమాని అక్కడ ఇంకో గది వేయాలని, ఆమెను పూడ్చిన మూడో రోజే పెరడంతా చదును చేయించాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మొక్కలన్నీ కాలవలో కుప్పగా ఎండుతున్నాయి. పక్షిగూడు ఆకు ఒకటి దొరికింది, వెనకవైపు గోధుమ చారలతో. కాగితంలో పెడితే రెండు రోజులకు పొడి రాలింది. దాన్ని తడి ఇటుక మీద చల్లి గాజుసీసా బోర్లించాను. ఆ పొడిలోంచి మొలిచినవి బొటనవేలి గోరంత కావడానికి పదకొండు నెలలు పట్టింది. నాటడానికి పనికొచ్చేసరికి ఇంకో ఏడాది.

ఆమె సమాధి మీద ఏడు నాటాను. రెండింటిని నత్తలు తిన్నాయి. దానికి మాత్రం నేను సున్నం వేయను, వేయనివ్వను. పండుగకు వచ్చినవాళ్ళు, “ఇదేటి భయ్యా, దిక్కులేనట్టు వదిలేసినావు?” అంటారు.

సీసా కింద ఇటుక మీద మళ్ళీ పచ్చని పొర కనబడుతోంది. దాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. పన్నెండులో ఐదు బతికి ఉన్నాయి. ఇంకా ఏడు బాకీ.